డబుల్ ఎల్లో

బల్లార్షాలో ఊపిరిని గమనించుడంటే
ముందు పేపర్ మిల్లు వాసనను గమనించుడు.
ఉడికిన వెదురు, కుళ్లిన గుడ్డు,
దాని ఎనక ఎక్కడో సన్నగ
నా ఊపిరి.

శేవంతాబాయి రామటెకె నవ్వుతది.
"వాసన వచ్చిందా? ఊపిరి గూడ వచ్చినట్టే.
అది ఒక్కతే నడిచి రాదు గద, పోరీ."
ఆమె తెలుగు సిరొంచ సంతల నేర్చింది,
మిరపకాయల బేరంల.
ఘాటెక్కువ, తూకం మాత్రం తప్పదు.
పోరీ అన్న మాట వర్ధాకు ఈ దిక్కూ ఆ దిక్కూ ఒక్కటే.

వార్డు చివర రేకుల విహారం.
గోడకు బుద్ధుడు, పక్కన నీలికోటు.
మే నెల, కూలర్ల నీళ్లయిపోయినయి,
చాప అచ్చు కాళ్ల మీద పడుతది.

ఏం జరిగిందని డాక్టరు అడిగిండు.
ఏం జరగలే సార్.
గూడ్సు బండి మీద అసిస్టెంటు డ్రైవర్ను,
నాలుగేండ్ల సర్వీసు, ఒక్క బర్రె గూడ తగల్లే.
నా గుండె నమ్మని మాట అదే.

మాణిక్‌గఢ్ దాటంగనే అరచేతుల చెమట.
విరూరు మలుపుల ఎవరో నిలబడ్డరు.
కిలోమీటరు రాయి.
మళ్ల ఎవరో.
సీతాఫలం చెట్టు.
యాభై ఎనిమిది డబ్బాల బొగ్గు నా ఎనక,
బ్రేకేస్తే ఆగేటందుకు కిలోమీటరు పడుతది.
ఆ కిలోమీటర్లనే
నేను కాపురముంటున్న.

ఇంటికొస్తే గ్యాసు మూడుసార్లు, తాళం నాలుగుసార్లు,
పండుకున్న చెల్లె ముక్కు కింద వేలు.
మంది ఊపిరి గమనించుడు నాకు ముందే వచ్చు.
నాదే రాదు.

మొదటి వారం కండ్లు మూస్తే ఇంకా ఎక్కువైంది.
ఆ ముచ్చట ఎవ్వరూ చెప్పరు.
హెడ్‌లైటు లేకుండ బండి నడిపినట్టు.
లేచి బయటికొచ్చి చెప్పులేసుకున్న.
శేవంతాబాయి ఆపలే.
"తెరిచే కూసో.
ఆయన గూడ సగమే మూసిండు, చూడు."

చూసిన. నిజమే.

ఒకరోజు అడిగింది:
"మీ బండ్ల సిగ్నల్ కనపడితే ఏం జేస్తరు?"
పేరు పిలుస్తం. నేనంట, సారు మళ్ల అంటడు.
"పిలిచినంక?"
దాటిపోతం.
"పట్టుకొని చూడరా?"
సిగ్నల్‌ను ఎట్ల పట్టుకుంటం బాయీ.
ఆమె ఇంకేం అనలే.
బిందెల నీళ్లెన్నున్నయో చూసొస్తనని లేచింది.

రాత్రి రెండు నలభై.
కాగజ్‌నగర్ నుంచి తిరుగు బండి,
వర్ధా వంతెన మీద గర్డర్ల మోత.
లోపల మొదలైంది, ముందు మెడ కాడ,
తర్వాత చెవుల్ల.
భయం, అన్న.
పైకే.
మడావి సారు అద్దంల నుంచి దూరం చూసిండు,
నా దిక్కు చూసిండు.
"ఏమన్నవ్?"

ఏం చెప్పాలె.
అప్పుడు కనబడ్డయి, పొగమంచు లేని చీకట్ల
ఒకదాని మీద ఒకటి రెండు పసుపు చుక్కలు.
డబుల్ ఎల్లో, అన్న.
"డబుల్ ఎల్లో," అన్నడు సారు.

అది ఆగుమని గాదు.
ఉరుకుమని గాదు.
ముందటిది చూసుకుంట రమ్మని.

యార్డు దాక మూడుసార్లు పిలిచిన దాని పేరు,
ఈసారి పెదవుల లోపలనే.
ఒకసారి దాటిపోయింది.
రెండుసార్లు దాటలే,
నాతోనే కూసొని బల్లార్షాల దిగింది.

తగ్గిందా అని చెల్లె నర్మద అడుగుతది.
తెల్వది.
నిన్న రాత్రి దాని ముక్కు కింద వేలు పెడితే
కండ్లు తెరవకుండనే అన్నది:
ఉన్ననే అక్కా. పండుకో.

వేలు తీయలే.
దానిది ఒకటి పోయింది.
నాది ఒకటి వచ్చింది,
కిటికీల నుంచి
మిల్లు వాసన ఏసుకొని.